వరమాల నుంచి సెల్‌ఫోను దాకా



ధర్మపురి జిల్లా పాప్పిరెడ్డిపట్టి తాలూకాలో ఏ. పళ్లిపట్టి అనే ఊరు ఉంది. సేలం నుంచి హరూరు వెళ్ళే దారిలో, సేర్వరాయన్ కొండల ప్రాంతంలో ఉంటుంది. బజారులో వినబడేది తమిళం. కొన్ని ఇళ్ళలో గడప దాటి లోపలికి వెళితే తెలుగు. మా అన్నగారి కుటుంబం ఆ ఊళ్ళోనే ఉంటుంది.

మొన్న నేను అక్కడికి వెళ్ళిన రోజు అన్నగారి అమ్మాయికి సంబంధం చెప్పడానికి మధ్యవర్తి ఒకాయన వచ్చాడు. ముందు గదిలో జాతకం, ఉద్యోగం, పొలం, ఇచ్చిపుచ్చుకోవడాల మాటలు నడుస్తున్నాయి. అమ్మాయి పెరటివైపు అరుగుమీద కూర్చుని సెల్‌ఫోను చూసుకుంటోంది. దగ్గరికి వెళ్ళి, "ఏం చూస్తా ఉండావు పాపా?" అని అడిగాను.

"ఆట అత్తా. ఇందులో నలుగురు మొగోళ్ళు ఉండారు. ఎవరితో ఏం మాట్లాడాలో నేనే తేల్చుకోవాల. దాన్ని బట్టి కథ పోతుంది," అంది.

"తప్పు మాట చెప్తే?"

"కథ చెడిపోతుంది. మళ్ళా మొదట్నించీ ఆడాల."

మా అమ్మ, అంటే ఆ పిల్లకు అవ్వ, పక్కనే చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తకుండానే, "దమయంతి కథే కదే అది. దానికి ఆట అని పేరేంది?" అంది.

ఆవిడకు చదువు రాదు. దమయంతి కథ ఆవిడ చెవితో నేర్చుకున్నది. అయినా ఆ మాటలో ఒక చరిత్ర ఉందనిపించింది. ఒక కన్య ఎదుట నలుగురైదుగురు పురుషులు నిలబడటం, ఆ కన్య ఒకరిని ఎంచుకోవడం, ఆ ఎంపికను బట్టి కథ నడవడం మన సాహిత్యంలో ఎలా వచ్చింది, మధ్యలో ఏమైంది, జపాను దేశంలో ఎలా ఆటగా మారి మళ్ళీ మన పెరటి అరుగుమీదికి వచ్చింది? ఈనాటి ప్రసంగంలో ఈ సంగతులు చెప్పుకుందాం.

ముందుగా దమయంతి. పదకొండవ శతాబ్దంలో నన్నయ భట్టారకుడు భారతాన్ని తెలుగు చేస్తూ అరణ్యపర్వంలో నలోపాఖ్యానం చెప్పాడు. తరువాత శ్రీనాథుడు శృంగార నైషధం రాశాడు. కథ మనందరికీ తెలిసిందే. హంస మాటల వల్ల దమయంతి నలుణ్ణి ప్రేమించింది. స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు కూడా వచ్చారు. నలుగురూ నలుడి రూపమే ధరించారు. వరమాల పట్టుకుని వచ్చిన పిల్లకు ఎదురుగా ఐదుగురు నలులు కనిపించారు.

దమయంతి ఏం చేసింది? తన మనసు నిజమైతే మీ గుర్తులు చూపండి అని ఆ దేవతలనే ప్రార్థించింది. అప్పుడు తేడా కనబడింది. దేవతలకు చెమట పట్టదు. రెప్ప పడదు. వాళ్ళ మెడలోని పూలు వాడవు. పాదాలు నేలను తాకవు. ఐదో అతనికి చెమట ఉంది, ఒంటిమీద దుమ్ము ఉంది, మెడలో పూలు వాడి ఉన్నాయి, నేలమీద నీడ పడుతోంది. దమయంతి అతని మెడలో మాల వేసింది.

శ్రోతలు ఇక్కడ ఒక విషయం గమనించాలి. నలుగురు లోపం లేనివాళ్ళు, ఒక్కడు లోపం ఉన్నవాడు. మనిషిని గుర్తుపట్టడానికి దమయంతికి ఉపయోగపడింది ఆ లోపమే. కథలో పాత్ర ఎలా పుడుతుంది అని అడిగితే దీనికన్నా మంచి జవాబు దొరకదు. గొప్ప గుణాలన్నీ కుప్పపోసినంత మాత్రాన మనిషి తయారు కాడు. చెమట, దుమ్ము, వాడిన పువ్వు కనిపించిన చోట మనకు మనిషి దొరుకుతాడు. ఈ సూత్రం ఈనాటి ఆటల దాకా ఎలా వచ్చిందో ముందు ముందు చూద్దాం.

రెండో కన్య సావిత్రి. ఈ కథ కూడా అరణ్యపర్వంలోనిదే. నన్నయ వదిలిన భాగాన్ని పద్నాలుగవ శతాబ్దంలో ఎర్రన పూర్తి చేశాడు, సావిత్రి కథ ఆ భాగంలో ఉంది. తండ్రి అశ్వపతి కూతురితో, నీకు తగిన వరుణ్ణి నువ్వే వెతుక్కో అని చెప్పి పంపాడు. ఆమె సత్యవంతుణ్ణి ఎంచుకుని వచ్చింది. అతనికి ఇంకొక్క ఏడాదే ఆయుస్సు అని నారదుడు చెప్పాడు. తండ్రి వేరొకరిని చూసుకోమన్నాడు. ఆమె మాట మార్చలేదు. ముగింపు ముందే తెలిసి కూడా ఆ దారినే నడిచింది. ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఈ రెండు కథల్లోనూ కన్యను అడిగారు, ఆమె చెప్పింది. కానీ మన కథలన్నీ ఇలాంటివి కావు. బేతాళ కథల సంగతి చూద్దాం. పదకొండవ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఈ పాతిక కథలూ ఉన్నాయి. అందులో మందారవతి కథ ఒకటి. ఆమెను ముగ్గురు బ్రాహ్మణ యువకులు కోరారు. ఎవరికిచ్చినా మిగతా ఇద్దరూ చచ్చిపోతారేమోనని తండ్రి ఎవరికీ ఇవ్వలేదు. ఇంతలో జ్వరం వచ్చి అమ్మాయే చనిపోయింది. ఒకడు ఆమె బూడిదమీదే పడుకుని శ్మశానంలో ఉండిపోయాడు. ఒకడు అస్థికలు తీసుకుని గంగకు వెళ్ళాడు. మూడోవాడు సన్యాసిలా దేశాలు తిరిగి, చనిపోయినవారిని బతికించే మంత్రం సంపాదించి వచ్చి ఆమెను బతికించాడు. ఇప్పుడు ఆమె ఎవరి భార్య?

బేతాళుడు ఈ ప్రశ్నను రాజును అడిగాడు. రాజు తడుముకోకుండా తీర్పు చెప్పాడు. ప్రాణం పోసినవాడు తండ్రితో సమానం, అస్థికలు గంగలో కలిపినవాడు కొడుకుతో సమానం, బూడిదను కౌగిలించుకుని పడుకున్నవాడే భర్త. తీర్పు ముచ్చటగానే ఉంది. చిన్నప్పుడు విని మేమూ సంతోషించాం. కానీ మందారవతి బతికి లేచి అక్కడే నిలబడి ఉంది కదా? అమ్మా, నీ మనసులో ఎవరున్నారు అని ఎవరూ అడగలేదు. బేతాళుడు అడగలేదు, రాజు అడగలేదు, కథ వింటున్న మనమూ అడగలేదు.

మన తరం ఈ కథల తీరును తెలుసుకున్నది చందమామ ద్వారా. 1947 జూలైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామను మొదలుపెట్టారు. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ. పాత పాతిక కథలూ అయిపోయాక కూడా బేతాళుడు ఆగలేదు, అదే చట్రంలో కొత్త కథలు నెలనెలా వచ్చాయి. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ వేసిన శంకర్ గారు తమిళుడు, 2020లో కన్నుమూశారు. మా ఇంట్లాంటి ఇళ్ళకు ఆ పత్రిక రెండు భాషల్లోనూ వచ్చేది. తెలుగు అక్షరాలు రాని పిల్లలు అంబులిమామ చదివి, ఆ కథను అవ్వకు తెలుగులో చెప్పేవారు. కథ ఒక భాషలో ఇంట్లోకి వచ్చి ఇంకో భాషలో చెవులకు చేరేది.

బేతాళ కథల్లో ఒక గొప్ప సదుపాయం ఉంది. కథ చివర ప్రశ్న ఉంటుంది. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందనే బెదిరింపూ ఉంటుంది. రాజు జవాబు చెప్పేలోపల వినేవాడు కూడా తన జవాబు ఆలోచించుకుంటాడు. అంటే శ్రోతకు కథలో ఒక పీట వేశారన్నమాట. కాకపోతే ఆ పీట న్యాయాధికారిది. కథలోని కన్య స్థానంలో కూర్చునే అవకాశం శ్రోతకు రాలేదు.

ఆ అవకాశం తెలుగు ఆడపిల్లకు వచ్చింది 1960 ప్రాంతాల్లో. వారపత్రికలు, మాసపత్రికలు, అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణాలు ఊరూరా పెరిగాయి. చదువుకున్న ఆడవాళ్ళ సంఖ్య పెరిగింది. రచయిత్రులు సీరియల్ నవలలు రాశారు. వారిలో యద్దనపూడి సులోచనారాణి గారి పేరు చెప్పకుండా ఈ చరిత్ర నడవదు. ఆమె కృష్ణా జిల్లా కాజ గ్రామంలో 1940లో పుట్టారు, 2018లో అమెరికాలో కన్నుమూశారు. ఆమె 'సెక్రటరీ' నవలలో జయంతి ఉద్యోగం చేసుకునే అమ్మాయి. రాజశేఖరం ధనవంతుడు, అందగాడు, కారున్నవాడు, మాట పొదుపు చేసేవాడు. ఆ నవల 1976లో సినిమాగా కూడా వచ్చింది. అంతకు ముందే 1973లో 'జీవన తరంగాలు', 'మీనా' సినిమాలుగా వచ్చాయి.

ఆ నవలలను విమర్శకులు కలల నవలలు అన్నారు. పెద్ద కారులో వచ్చే పొడుగాటి మగవాడి కోసం ఆడపిల్లలు ఎదురుచూసేలా చేశాయన్నారు. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. కానీ చదివిన ఆడవాళ్ళకు దొరికినదాన్ని కూడా చూడాలి. జయంతి తన ఆత్మాభిమానం వదులుకోదు. ఎదుటివాడు ఎంత గొప్పవాడైనా, నన్ను గౌరవించకపోతే వద్దు అనగలదు. రాజశేఖరం మౌనం వెనక ఏముందో ఒక్కొక్క పొరగా తెలుస్తుంది. అపార్థాలు వస్తాయి, పోతాయి. తరువాయి భాగం వచ్చేదాకా పాఠకురాలు జయంతి స్థానంలో ఉండి, నేనైతే ఏం చేసేదాన్ని అని ఆలోచిస్తుంది. బేతాళ కథలో దొరకని పీట ఇదే. అయితే ఆలోచించుకోవడం వరకే. కథ ఎటు పోవాలో రచయిత్రి ముందే రాసిపెట్టి ఉంటుంది.

అదీగాక ఆ నవలలు చాలావరకు వరమాల దగ్గర ఆగిపోయేవి. పెళ్ళి తరువాత ఏమవుతుంది? ఓల్గా గారి 'స్వేచ్ఛ' నవల ఈ ప్రశ్న వేసింది. 1987 నాటి రచన. అందులో అరుణ ప్రేమించి, తానే ఎంచుకుని పెళ్ళి చేసుకుంటుంది. ఒకసారి ఎంచుకున్నాక ఇక తనకు ఎంచుకునే హక్కే లేదని చుట్టూ ఉన్నవాళ్ళు అనుకుంటున్నారని ఆమెకు తరువాత అర్థమవుతుంది. దమయంతి కథ కూడా మాల వేయడంతో ముగియలేదు కదా. నలుడు జూదంలో అంతా పోగొట్టుకుని ఆమెను అడవిలో నిద్రలో వదిలిపోయాడు. అతన్ని మళ్ళీ రప్పించడానికి ఆమె రెండో స్వయంవరం చాటింది. ఆ రెండో ఎంపిక మొదటిదానికంటే కష్టమైనది.

సరే, ఇప్పుడు జపాను వెళదాం.

జపాను భాషలో ఒటొమె అంటే కన్య. ఒటొమె ఆట అంటే కన్యల కోసం చేసిన ఆట అని అర్థం. కోయెయ్ అనే కంపెనీ అక్కడ యుద్ధాలు, రాజ్యాల ఎత్తుగడల ఆటలకు పేరు పొందింది. దాని వ్యవస్థాపకుడు యోయిచి ఎరికావా, ఆయన భార్య కేకో ఎరికావా. ఆటలన్నీ మగపిల్లలకేనా, ఆడపిల్లలు ఆడుకునేది ఒకటి ఉండాలి కదా అని కేకో గారు ఆలోచించారు. రూబీ పార్టీ అనే పేరుతో మహిళల బృందాన్ని తయారుచేశారు. ఆ బృందం చేసిన 'ఏంజెలీక్' అనే ఆట 1994 సెప్టెంబరులో వచ్చింది. ఈ జాతి ఆటలకు అదే మొదటిది అంటారు.

అందులో ఏంజెలీక్ అనే పదిహేడేళ్ళ మామూలు అమ్మాయి విశ్వానికి రాణి కావడానికి పోటీలో ఉంటుంది. రోసాలియా అనే గొప్పింటి పిల్ల ఆమెకు పోటీ. వెలుగు, చీకటి, గాలి, నీరు, నిప్పు ఇలా తొమ్మిది శక్తులకు తొమ్మిదిమంది కాపలాదారులు ఉంటారు. తన ప్రజలకు కావలసిన శక్తిని వాళ్ళను అడిగి తెచ్చుకోవాలి. అలా మాట్లాడుతూ మాట్లాడుతూ వారిలో ఒకరితో ప్రేమలో పడవచ్చు. అయితే ప్రేమను ఒప్పుకుంటే సింహాసనం వదులుకోవాలి. ఇద్దరు ముగ్గురు మగవాళ్ళలో ఎవరు అనేది ఆ ఆటలో పెద్ద ప్రశ్న కాదు. పనా, ప్రేమా అనేదే అసలు ప్రశ్న. ఉద్యోగం వచ్చిన మన అమ్మాయిలకు పెళ్ళిచూపుల్లో ఎదురయ్యే ప్రశ్నే అది.

అదే 1994లో కొనామి అనే కంపెనీ మగపిల్లల కోసం 'తొకిమెకి మెమోరియల్' అనే ఆట తెచ్చింది. అందులో అబ్బాయి అమ్మాయిల మనసు గెలుచుకోవాలి. దాన్నే తిరగేసి 2002లో అమ్మాయిల కోసం ఇంకొకటి చేశారు.

ఈ ఆటల్లో కథ చెప్పే పద్ధతి తెలుసుకోవాలంటే మా ప్రాంతంలో దారులు చీలే కూడలి ఒకటి మనసులో పెట్టుకోండి. మొదట అందరికీ ఒకే రోడ్డు. నాయిక ఒక కొత్త చోటికి వస్తుంది, నలుగురైదుగురితో పరిచయం అవుతుంది. మధ్యమధ్య ఆట ఆగి, నువ్వేమంటావు అని రెండు మూడు జవాబులు చూపిస్తుంది. ఆడే అమ్మాయి ఒకటి ఎంచుకుంటుంది. ఏ జవాబుకు ఎవరి మనసు ఎంత దగ్గరయిందో లోపల లెక్క నడుస్తూ ఉంటుంది. ఆ లెక్కను బట్టి కూడలి దగ్గర ఒకరి దారిలోకి మళ్ళుతుంది. అక్కడినుంచి ఆ ఒక్కరి కథ. ఆ దారి చివర మంచి ముగింపు ఉండవచ్చు, చెడు ముగింపు ఉండవచ్చు. అయిపోయాక మళ్ళీ వెనక్కి వచ్చి రెండోవాడి దారిలో నడవవచ్చు.

పాత్ర పోషణకు ఈ పద్ధతి వల్ల కలిగే లాభం ఒకటి ఉంది. నవలలో ఒక మనిషిని ఒక వైపునుంచే చూస్తాం. ఇందులో మొదటి దారిలో పొగరుబోతుగా కనిపించినవాడు, రెండో దారిలో పక్క పాత్రగా వచ్చినప్పుడు స్నేహితుడి కోసం ప్రాణమిచ్చేవాడుగా కనిపిస్తాడు. అతని దారిలోకే వెళ్ళినప్పుడు ఆ పొగరు వెనక చిన్ననాటి దెబ్బ ఏదో బయటపడుతుంది. కొన్ని ఆటల్లో మిగతా అందరి కథలూ పూర్తి చేస్తేనే చివరి దారి తెరుచుకుంటుంది. అసలు రహస్యం అక్కడ ఉంటుంది. అన్ని దారులూ నడిచిన అమ్మాయికి మాత్రమే కథ మొత్తం తెలుస్తుంది. అందరిలోనూ చెమట, దుమ్ము ఎక్కడున్నాయో వెతకడమే ఈ ఆట. దమయంతి ఒక్కసారి చేసిన పనిని ఇందులో పదిసార్లు చేయాలి.

ఇక సావిత్రి సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. 2008లో జపానులో 'హకుఓకి' అనే ఆట వచ్చింది. పంతొమ్మిదవ శతాబ్దంలో క్యోటో నగరంలో షిన్సెన్‌గుమి అనే కత్తివీరుల దళం నిజంగానే ఉండేది. పాత ప్రభుత్వం పక్షాన పోరాడి ఓడిపోయిన దళం అది. తప్పిపోయిన తండ్రిని వెతుక్కుంటూ చిజురు అనే అమ్మాయి మగవేషంలో క్యోటోకు వచ్చి ఆ దళం చేతికి చిక్కుతుంది. ఆ అమ్మాయి కల్పిత పాత్ర, చుట్టూ ఉన్నవారిలో చాలామంది చరిత్రలో ఉన్నవాళ్ళు. ఒకితా సోజి 1868లో క్షయతో చనిపోయాడు. హిజికాతా తొషిజో 1869లో హకొదాతె యుద్ధంలో చనిపోయాడు. ఈ సంగతులు జపాను పిల్లలకు ముందే తెలుసు.

అంటే ఆట మొదలుపెట్టేటప్పుడే ఆ అమ్మాయి చెవిలో నారదుడు చెప్పేశాడన్నమాట. ఇతనికి ఆయుస్సు లేదు అని. అయినా ఆ దారిలోకే వెళుతుంది. అతను దగ్గినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది. చావు తెలిసిన ప్రేమకు ఉండే బరువు మనకు సావిత్రి కథవల్ల తెలుసు. వాళ్ళు దాన్ని తమ చరిత్రలోంచి తీసుకున్నారు. ఆ ఆటకు అంత ఆదరణ రావడానికి ఇది ఒక కారణమని నేననుకుంటాను.

ఈ ఆటలు సెల్‌ఫోనులోకి ఎలా వచ్చాయో చూద్దాం. 1999 ఫిబ్రవరిలో జపానులో ఐ-మోడ్ అనే సేవ మొదలయింది. చేతి ఫోనులోనే అక్షరాలు, బొమ్మలు వచ్చే వీలు కలిగింది. వోల్టేజ్ వంటి సంస్థలు 2000 దశకంలో ప్రేమకథలను అధ్యాయాలుగా విడగొట్టి ఫోనుకు పంపడం మొదలుపెట్టాయి. రైల్లో కూర్చుని రోజుకొక భాగం చదువుకోవచ్చు. మన సీరియల్ నవలలు ఎలా నడిచాయో అదే తీరు. వారం రోజులు ఎదురుచూడటానికి బదులు మరునాటిదాకా ఎదురుచూడటం.

2016 జూలైలో కొరియా నుంచి చెరిట్జ్ అనే సంస్థ 'మిస్టిక్ మెసెంజర్' అనే ఆట తెచ్చింది. ఇందులో ఫోనే కథ. నాయిక ఒక ఇంట్లో ఉంటుంది, మిగతావాళ్ళతో ఫోనులో కబుర్లు ఆడుతుంది. గడియారం నిజమైన గడియారం. రాత్రి మూడు గంటలకు కబురు వస్తే మూడింటికే వస్తుంది. కథ పదకొండు రోజులు నడుస్తుంది. మొదటి నాలుగు రోజులు అందరిదీ, ఆ తరువాత ఒకరిది, పదకొండో రోజు విందు.

అందులో జుమిన్ హాన్ అనే పాత్ర ఉంది. పెద్ద వ్యాపార కుటుంబంలో పుట్టినవాడు, మనసులోని మాట బయటపెట్టనివాడు. తన పెంపుడు పిల్లి తప్పిపోయాక అతని నిగ్రహం సడలుతుంది. నాయికను తన ఇల్లు దాటి వెళ్ళనివ్వడు. నీ క్షేమం కోసమే అంటాడు. ఇప్పుడు ఆడే అమ్మాయి ఏమనాలి? అతను చెప్పినదానికల్లా తలూపుతూ పోతే అతను మారడు, నాయిక అతని ఇంట్లో బందీలా మిగిలిపోయే చెడు ముగింపు వస్తుంది. అతన్ని అర్థం చేసుకుంటూనే, తాను ఒక వస్తువును కాదని నిలబడితే అతను తన భయాన్ని గుర్తుపడతాడు, మనిషిగా ఎదుగుతాడు. పాత్ర ఎదుగుదల రచయిత చేతిలోనే కాక వినేవారి మాటలో కూడా ఉండటం అంటే ఇదే. మంచి పిల్ల అంటే అన్నిటికీ సరే అనే పిల్ల అని నేర్చుకున్న అమ్మాయికి, సరే అన్నందువల్ల కథ చెడిపోవడం ఒక పాఠమే.

చైనాలో 2017 డిసెంబరులో ఇంకొక ఆట వచ్చింది. ఇంగ్లీషులో దాని పేరు 'మిస్టర్ లవ్'. నాయిక తండ్రి వదిలిపోయిన చిన్న టెలివిజన్ నిర్మాణ సంస్థను నిలబెట్టుకోవాలి. మొదట నలుగురు మగవాళ్ళు. ఆ సంస్థే 2024 జనవరిలో 'లవ్ అండ్ డీప్‌స్పేస్' అనే ఆట విడుదల చేసింది. మొదట ముగ్గురు, అదే ఏడాది జూలైలో నాలుగో అతను, 2025 జనవరిలో ఐదో అతను వచ్చారు. బొమ్మలు నిజమైన మనుషుల్లా కదులుతాయి, కళ్ళలోకి చూసి మాట్లాడతాయి.

ఇంతవరకు మంచి చెప్పుకున్నాం. ఇక చేదు కూడా చెప్పుకోవాలి.

ఫోనులో ఈ ఆటలు చాలావరకు ఉచితంగా మొదలవుతాయి. తరువాత డబ్బు అడుగుతాయి. 'మిస్టిక్ మెసెంజర్'లో నిద్రపోయి రాత్రి కబురు తప్పిపోతే, దాన్ని తిరిగి తెరవడానికి రుసుము ఉంది. చైనా ఆటల్లో నాయకుడితో గడిపే ముచ్చటైన ఘట్టాలు చీట్ల రూపంలో ఉంటాయి. మన తిరునాళ్ళలో చీటీ లాగినట్టు లాగాలి. కావలసినది వచ్చేదాకా లాగుతూనే ఉండాలి, లాగినకొద్దీ డబ్బు. బేతాళుడు జవాబు చెప్పకపోతే తల పగులుతుందన్నాడు గాని, జవాబు చెప్పడానికి రుసుము కట్టమనలేదు.

ఇంకో మాట. ఆట అమ్ముడుపోవడం కొనసాగాలంటే కథ ముగియకూడదు. ముగింపు లేని కథలో పాత్ర ఎదగడం కష్టం. నలుడు తప్పు చేశాడు, అడవుల పాలయ్యాడు, రూపం పోగొట్టుకుని బాహుకుడయ్యాడు, చివరికి బుద్ధి తెచ్చుకుని తిరిగి వచ్చాడు. అమ్మకానికి పెట్టిన నాయకుడు అంత దూరం వెళ్ళలేడు. కొత్త చొక్కా, కొత్త నవ్వు, కొత్త పండుగ వేషంతో మళ్ళీ మళ్ళీ వస్తాడు. అతని మెడలో పూలు వాడవు. దమయంతి కాదన్న నలుగురి లక్షణమే అది.

భాష సంగతి కూడా ఉంది. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు, అంటే నూటికి సుమారు ఆరుగురు. వారిలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదువులో ఆ లిపి ఎరగని పిల్లలు చాలామంది. మా మేనకోడలు ఆటను ఇంగ్లీషులో ఆడుతుంది, స్నేహితురాళ్ళతో తమిళంలో చర్చిస్తుంది. అవ్వతో తెలుగులో మాట్లాడుతుంది. ఎదుటి మగవాడికి నచ్చనిది నచ్చలేదని చెప్పే మాటలు ఆమె ఇంగ్లీషులో వేలుతో నొక్కి నేర్చుకుంది. అవే మాటలు ఇంటి భాషలో, నోటితో, తండ్రి ఎదుట చెప్పాలంటే? ఆ అభ్యాసం ఏ ఆటా ఇవ్వదు. ఇంట్లో ఎవరైనా అడిగితేనే వస్తుంది.

ఆ సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. మధ్యవర్తి లేవబోతూ, "అయితే వచ్చే ఆదివారం వాళ్ళను రమ్మని చెప్పేదా?" అని అన్నగారిని అడిగాడు. అన్నగారు సరే అనబోతున్నారు. మా అమ్మ లోపలినుంచి, "పాపను అడిగినారా?" అంది. గదిలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆ మాట అంతవరకు ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, ఒప్పుకోవాలి. మందారవతి కథ వందసార్లు విన్నదాన్ని.

అన్నగారు పెరటివైపు చూసి, "ఏం పాపా, నువ్వేమంటావు?" అన్నారు.

అమ్మాయి ఫోను పక్కన పెట్టింది. వెంటనే జవాబు చెప్పలేదు. ఎదుట రెండు మూడు జవాబులు రాసిపెట్టి లేవు మరి. కాసేపటికి, "రమ్మను నాయనా. అయితే నేను ఆయనతో ఒకసారి ఒంటిగా మాట్లాడాల. నా ఉద్యోగం సంగతి అడగాల," అంది. గొంతు వణికింది గాని మాట పూర్తిచేసింది. మధ్యవర్తి కొంచెం ఇబ్బంది పడ్డాడు. అన్నగారు ఒక్క క్షణం ఆలోచించి, "అట్లనే," అన్నారు.

ఆ సంబంధం కుదురుతుందో లేదో చెప్పలేను, అది వాళ్ళిద్దరూ తేల్చుకోవలసిన సంగతి. మన పిల్లలు ఫోనుల్లో ఆడుకునే ఈ ఆటలను చూసి విసుక్కునే పెద్దలకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అక్కడ వాళ్ళను ఎవరో అడుగుతున్నారు, నువ్వేమంటావు అని. ఆ ప్రశ్న మన కథల్లో వెయ్యేళ్ళకు ముందే ఉంది. ఇంట్లో కూడా వాళ్ళను ఒకసారి అడిగి చూడండి.